అడుగు సొరుగులో ముక్క

మా సౌత్ ఒమాహాలో ఎవరింటికైనా పైఊరి చుట్టాలొస్తే, వాళ్లను ఏ పెద్ద స్టేక్ హోటలుకు తీసుకెళ్లాలో నార్బర్ట్ కోస్మికిని అడగడం రివాజు. అడగకపోయినా అతను చెప్పేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు మూడు కంపెనీల హోటళ్లలో, పైనుంచి మంట కొట్టే ఇనప పొయ్యి ముందు నిలబడి ఎద్దుమాంసం కాల్చిన మనిషి. ఎడమ కనుబొమ సగం ఎప్పుడో ఆ మంటకే ఆహుతైపోయింది. చర్చి హాల్లో శుక్రవారం చేపల విందు జరిగే రోజుల్లో బీరు గ్లాసు పట్టుకుని ఓ మూల కూచున్నాడంటే చుట్టూ నలుగురు చేరేవారు. ఇక మూడు హోటళ్లనూ తక్కెట్లో వేసి తూచేవాడు.

ప్రెయిరీ రూమ్‌లో పచ్చి మాంసం ముక్కల్ని బండిమీద పేర్చి టేబులు దగ్గరికి తోసుకొస్తారు. ఇది నడుము ముక్క, ఇది పక్కటెముక ముక్క అని తెల్లకోటు పిల్లలు అప్పజెబుతారు. అదొక రకం పెళ్లిచూపులన్నమాట. చూపించిన ముక్కే కాలి వస్తుందన్న పూచీ ఏమీ లేదు. మార్క్‌హామ్స్‌లోనైతే పళ్లేన్ని నిప్పులా కాల్చి, మాంసం మీద ఇంత వెన్న వేసి తెస్తారు. అది చిటపటమంటూ హాలంతా తిరుగుతుంటే పక్క టేబులు వాళ్లకి నోరూరుతుంది. వాళ్లు అమ్మేది చప్పుడు, మాంసం కాదు అని నార్బర్ట్ తీర్పు. థార్న్‌టన్ హౌస్ సంగతి వేరు. ఇరవై ఎనిమిది రోజులు సొంత చల్లగదిలో మాంసాన్ని వేలాడదీసి, పైన కట్టిన నల్లటి పెచ్చు చెక్కేసి, ఉప్పు తప్ప మరొకటి తగలకుండా కాలుస్తారు. అందుకే చివరి పద్నాలుగేళ్లూ అతను అక్కడే ఉండిపోయాడు.

"ఏది మంచి హోటలో తెలియాలంటే లోపల ఎర్రగా ఉంచి కాల్చమని అడగండి. మాడ్చడం ఎవడికైనా వచ్చు" అనేవాడు ఆఖర్న. అందరూ తలలూపేవారు.

ఇదంతా రెండేళ్ల కిందటి వరకూ. ఇప్పుడు అడిగితే పాత ఉపన్యాసమేదీ లేదు. బాగా కాల్చిన ముక్క అడిగి చూడండి, అది ఎలా ఇస్తారో అదే ఆ హోటలు అంటాడు. ఆ మాట అనేసి గ్లాసులోకి చూస్తూ కూచుంటాడు. మనిషి అలా ఎందుకు మారాడో చెప్పాలంటే ముందు అడుగు సొరుగు సంగతి చెప్పాలి.

పొయ్యి పక్కనే, కాల్చేవాడి చేతికందేలా, మూడు సొరుగుల చల్లపెట్టె ఒకటి ఉంటుంది. పొద్దున మాంసం కోసేవాడు పంపిన ముక్కల్ని కాల్చేవాడు వేళ్లతో నొక్కి చూసి వేరుచేస్తాడు. కొవ్వు సన్నటి దారాల్లా పరుచుకున్నవి పై సొరుగులోకి, ఫర్వాలేదనిపించేవి మధ్య సొరుగులోకి పోతాయి. నడుము మాంసం తోకవైపున అర్ధచంద్రంలా ఒక నరం ఉంటుంది, ఎంత నమిలినా తెగదు. ఆ నరమున్న ముక్కలూ, ఒకరోజు ఆలస్యమైనవీ, వంకరగా తెగినవీ అడుగు సొరుగులోకి పోతాయి. చెడిపోయినవి కావు, తిన్నవాళ్లకు ఏ జబ్బూ చెయ్యదు. ఎవరైనా బాగా కాల్చమని అడిగితే మాత్రం చెయ్యి దానంతటదే కిందికి వెళుతుంది. లోపల ఎరుపన్నదే లేకుండా, నల్లగా కాలిన ముక్కలో నరమేదో మాంసమేదో కంటికి కనిపించదు కదా.

ఇలా చెయ్యమని ఏ మేనేజరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ రాయలేదు. పాతవాడు కొత్తవాడికి చెవిలో చెబుతాడు, అంతే. పళ్లెం, కత్తి, వెన్న, బండి అన్నిటిలోనూ తేడాలున్న ఆ మూడు హోటళ్లకూ ఉన్న ఒకే ఒక పోలిక ఈ అడుగు సొరుగు. నార్బర్ట్ దీన్ని తప్పని ఎన్నడూ అనుకోలేదు. పైపెచ్చు, మాంసాన్ని బూడిద చేసుకు తినేవాళ్లంటే అతనికి చిన్నచూపు. గాడిదకేం తెలుసు గంధం పొడి వాసన అన్నట్టు మాట్లాడేవాడు. పక్క పొయ్యి మీద పనిచేసే గ్రిసెల్డాకు పని నేర్పిన మొదటివారమే, కాలి బొగ్గయ్యేదానికి మంచి ముక్క దండగమ్మా అని సొరుగు లాగి చూపించాడు. మా అక్క కూడా బొగ్గులే తింటుంది, ఏం చేస్తాం, అని నవ్వాడు కూడా.

ఆ అక్క పేరు బెర్నిస్. అతనికంటే పదేళ్లు పెద్దది. తల్లి పోయేనాటికి నార్బర్ట్‌కు ఆరేళ్లు, ఆవిడకు పదహారు. తండ్రి కోడెలను కోసే ఫ్యాక్టరీలో పని చేసేవాడు, శనివారం ఇంటికొచ్చేటప్పుడు చవకరకం మాంసం ముక్క ఒకటి కాగితంలో చుట్టి తెచ్చేవాడు. ఆదివారం బెర్నిస్ దాన్ని పొయ్యిలో పెట్టి, ఇటు బట్టలుతుకుతూ, అటు ఇల్లు తుడుస్తూ ఉండేది. తీసేసరికి ఒకవైపు మాడి ఉండేది. మెత్తటి నడిమి ముక్క కోసి తమ్ముడి పళ్లెంలో పెట్టేది, తండ్రికి మరొకటి పెట్టేది, మాడిన కొస తను తీసుకునేది. నీకెందుకే అది అని తండ్రి అంటే, నాకు మాడిందే ఇష్టం అనేది. ఆరేళ్లవాడు ఆ మాట నమ్మాడు. అరవై ఏళ్లు వచ్చేదాకా నమ్ముతూనే ఉన్నాడు.

బెర్నిస్ పెళ్లి చేసుకుంది, బడి వంటశాలలో ముప్పై ఏళ్లు పనిచేసింది, భర్తను సాగనంపింది. తమ్ముడు పనిచేసే పెద్ద హోటళ్ల గుమ్మం మాత్రం ఒక్కసారీ తొక్కలేదు. అవి మనలాంటివాళ్లకి కావులే అనేది. కాని చుట్టుపక్కల అందరికీ తమ్ముడి గురించి చెప్పుకునేది. నగరంలో మాంసం కాల్చడంలో మా నార్బీ తరవాతే ఎవరైనా అని ఆవిడ గట్టి నమ్మకం.

ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకు చర్చి స్నేహితురాళ్లు ముగ్గురు కలిసి, ఈసారి నీ తమ్ముడి చేతి ముక్క తినాల్సిందేనని థార్న్‌టన్ హౌస్‌కు తీసుకొచ్చారు. మే నెల, గురువారం, సాయంత్రం అయిదు కూడా కాలేదు. చెబితే హడావుడి చేస్తాడని నార్బర్ట్‌కు చెప్పలేదు. వంటశాలలోకి చీటీ వచ్చింది. పద్నాలుగో టేబులు, నాలుగు నడుము ముక్కలు, మూడు లోపల ఎరుపుండేలా, ఒకటి బాగా కాల్చి. నార్బర్ట్ మూడు ముక్కలు పై సొరుగులోంచి తీశాడు. నాలుగోదానికి చెయ్యి కిందికి వెళ్లింది.

అరగంట తర్వాత వడ్డించే కుర్రది వచ్చి, పద్నాలుగో టేబులు వాళ్లు మిమ్మల్ని చూడాలంటున్నారు అంది. మెచ్చుకోవడానికి పిలవడం అక్కడ మామూలే. చేతులు కడుక్కుని, శుభ్రమైన ఏప్రాన్ కట్టుకుని బయటికి వెళ్లాడు. అక్కడ నీలం గౌను వేసుకుని, ముత్యాల దండ పెట్టుకుని అక్క కూచుని ఉంది.

"ఏరా నార్బీ, హడలిపోయావా? నా జన్మలో ఇంత మంచి ముక్క తినలేదురా" అంది బెర్నిస్.

స్నేహితురాళ్లతో ఆవిడ అప్పటికే చెప్పేసిందట, పొయ్యి దగ్గర మనవాడుండగా మనకేం లోటని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచున్నా ఫర్వాలేదంటారు కదా. నార్బర్ట్ టేబులు వంక చూశాడు. మూడు పళ్లేల్లో ఎర్రటి రసం ఉంది. నాలుగో పళ్లెంలో మాంసమంతా అయిపోయింది, ఉడికిన బంగాళాదుంప తొక్క మాత్రం చక్కగా మడత పెట్టి ఉంది.  పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడో లేదో కూడా అతనికి గుర్తులేదు. మన ఊళ్లో పాత హోటళ్లన్నీ మాంసం పక్కన స్పగెట్టీ పెడతాయి, ఇక్కడ పెట్టరేంట్రా, ఒమాహాలో ఉండి ఇదేం మర్యాద అని ఆవిడ వేళాకోళం చేసింది, అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు.

పళ్లేలు లోపలికి వచ్చినప్పుడు నాలుగోదాన్ని తనే అందుకున్నాడు. దుంప తొక్క విప్పి చూశాడు. నమిలి నమిలి తెల్లబడ్డ నరం ముద్దలు మూడు అందులో ఉన్నాయి. నలుగురిలో తమ్ముడి పరువు పోకూడదని నోట్లోంచి ఎప్పుడు తీసిందో, ఎవరి కంటా పడకుండా ఎలా దాచిందో. మా నెబ్రాస్కా రాష్ట్రం వాళ్లు కంచంలో ఏం పడ్డా ఫిర్యాదు చెయ్యరు, బాగుందనే అంటారు. కాని బాగుందనడం వేరు, జన్మలో తినలేదనడం వేరు. అతను ఆ పళ్లెం పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. గ్రిసెల్డా చూసింది, ఏమైందని అడిగింది. ఏం లేదన్నాడు.

అప్పుడే వెళ్లి చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. పుట్టినరోజు పాడుచెయ్యడమెందుకని ఆరోజు ఊరుకున్నాడు. మర్నాడు ఇంకేదో సాకు దొరికింది. సాకులకేం, కావాలంటే రోజుకొకటి దొరుకుతాయి.

జూన్‌లో బెర్నిస్ ఫోన్ చేసి, కట్టుడు పళ్లు వదులైనట్టున్నాయి, ఇరవై నాలుగో వీధిలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నానంది. ఎందుకలా అనిపించిందని అతను అడగలేదు, తెలుసు కనక. డాక్టరు వాటిని అరగదీసి సర్దాడు. జూలైలో మళ్లీ అరగదీశాడు. అంత మెత్తటి మాంసమే నమలలేకపోయానంటే తప్పు నా నోటిదే కదా అని పక్కింటావిడతో అందని అతనికి తెలిసింది. ఆగస్టుకల్లా మాంసం మానేసింది. ఆదివారాలు అతను వెళ్లేసరికి ఆవిడ సేమ్యా చారు తాగుతూ ఉండేది. పెద్దదాన్నయిపోయానురా, ఇక ఇవే నాకు అనేది. ఎవరైనా పళ్ల ఊసెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నార్బర్ట్ లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు.

నిజం ఒక్క ముక్క చెబితే ఆవిడ మళ్లీ మాంసం తింటుంది. చెప్పకపోతే ఇక చచ్చేదాకా తన నోటినే తిట్టుకుంటుంది. ఈ సంగతి అతనికి తెలుసు. కాని చెబితే, మా నార్బీ అంటూ ఊరంతా చెప్పుకునే ఆ గొంతు ఏమవుతుందోనని భయం. అంత పెద్దవాడికి అంత చిన్నభయం ఉంటుందని ఎవరూ అనుకోరు.

సెప్టెంబరులో పాపనివేదనకు వెళ్లాడు. చర్చిలో చెక్క జాలీ వెనకాల కూచున్న ఫాదరు అంతా విని, మాంసం చెడిపోయిందా అని అడిగాడు. లేదన్నాడు. ఎక్కువ సొమ్ము పుచ్చుకున్నావా అని అడిగాడు. లేదన్నాడు. అయితే ఇందులో పాపమెక్కడుందో నాకర్థం కావడం లేదు నాయనా అన్నాడు ఫాదరు. నార్బర్ట్ కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. లేవబోతుంటే జాలీ అవతలినుంచి మళ్లీ గొంతు వినిపించింది.

"ఒక్కమాట. నేనూ బాగా కాల్చిందే తింటాను. మీ హోటలుకు రెండుసార్లు వచ్చాను" అన్నాడు ఫాదరు.

 ఫాదరు ప్రాయశ్చిత్తంగా మామూలుగా చెప్పే ప్రార్థనలకు ఇంకో రెండు కలిపి చెప్పి పంపేశాడు. నార్బర్ట్ బెంచీ మీద మోకరిల్లాడు గాని ప్రార్థన నోటికి రాలేదు. ముందు బెంచీల మీద కూచున్న ప్రతి తెల్లజుట్టు తలా బాగా కాల్చిందే అడిగే తలలా కనిపించింది. ఎక్కువగా అడిగేది ముసలివాళ్లే మరి. ఎప్పుడో ఒకసారి, ఏ పెళ్లిరోజుకో బట్టలు ఇస్త్రీ చేసుకుని వచ్చేవాళ్లు. అక్క ఒక్కతే కాదు, ముప్పై ఒక్క ఏళ్లుగా ఎంతమంది తమ నోటిని తిట్టుకుంటూ ఇంటికెళ్లారో.

మర్నాడు పొద్దున వచ్చీరాగానే అడుగు సొరుగు మొత్తం దిమ్మరించి, ఇవన్నీ బర్గర్లకు నూరడానికి పంపించమని గ్రిసెల్డాతో చెప్పాడు. ఆవిడకు అర్థం కాలేదు. వాళ్ల స్పానిష్ మర్యాదలో అతన్ని దోన్ అని పిలిచేది.

"మరి బాగా కాల్చమనేవాళ్లకి ఏం పెట్టాలి, దోన్ నార్బెర్టో?"

"పై సొరుగులోది."

"దండగని నాకు నేర్పింది మీరే కదా" అంది. ఎత్తిపొడుపుగా అన్నమాట కాదు, ఉన్నమాట. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

తప్పు నేర్పానని చెప్పి, అప్పుడు మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే, ముప్పై ఒక్క ఏళ్లలో ముక్కను చక్కగా, బాగా కాల్చడం అతనికి చేతనైంది కాదు. మాడ్చడం ఎవడికైనా వచ్చనుకున్న మనిషికి మాడ్చకుండా లోపలి దాకా కాల్చడమే రాలేదు. మొదటి వారం కాల్చినవన్నీ చెప్పు అట్టలే. మంటకు దూరంగా, పొయ్యి చల్లటి మూలన పెట్టి, నలభై నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేసి, చివర్న వెన్న రాసి, తీశాక కత్తి పెట్టకుండా పది నిమిషాలు ఆగాలని మెల్లగా తెలుసుకున్నాడు. కావలసింది కొవ్వు బాగా ఉన్న ముక్క, మిగతాది ఓపిక. వడ్డించేవాళ్లు ఆలస్యమైందని గొణిగారు. గొణగనీ అన్నాడు.

నవంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం, హోటలు తెరవడానికి ఇంకా గంటన్నర ఉండగా, మేనేజరును అడిగి అక్కను కారులో తీసుకొచ్చాడు. ఖాళీ హాల్లో అదే పద్నాలుగో టేబులు దగ్గర కూచోబెట్టాడు. ఎందుకురా ఇదంతా, నా పళ్ల సంగతి తెలుసు కదా, చారేదైనా ఉంటే పోయించు అంది ఆవిడ. ఒక్క ముక్క తినక్కా, నచ్చకపోతే వదిలెయ్ అన్నాడు. పళ్లెం తనే మోసుకొచ్చాడు. పక్కన ఉడికిన దుంప, చిన్న గిన్నెలో టమాటా రసంతో స్పగెట్టీ, అదీ తనే వండాడు. దాన్ని చూసి ఆవిడ నవ్వింది.

బెర్నిస్ కొస దగ్గర చిన్న ముక్క కోసి, భయంభయంగా నోట్లో పెట్టుకుని, పక్క పళ్లతో ఒకసారి నొక్కి ఆగింది. మళ్లీ నమిలింది. మింగింది. ఇంకో ముక్క, ఈసారి కాస్త పెద్దది, కోసింది. అదీ అయ్యాక కత్తి పళ్లెం అంచున ఆనించి తమ్ముడి మొహంలోకి చూసింది.

"నా పళ్లు బాగానే ఉన్నాయన్నమాట" అంది.

నార్బర్ట్ ఎదుటి కుర్చీలో కూచున్నాడు. సొరుగు సంగతి చెప్పాడు, చీటీ సంగతి చెప్పాడు, చెయ్యి కిందికి వెళ్లిన సంగతి చెప్పాడు. దుంప తొక్క విప్పి చూశానని కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ టేబులు గుడ్డ మీద చెయ్యి రాస్తూనే ఉన్నాడు. 

"నేనని తెలియకే పెట్టావు కదా?"

"తెలియకే అక్కా. చీటీ మీద టేబులు నంబరు తప్ప ఏమీ ఉండదు."

"అయితే తెలియనివాళ్లకి అదా పెడతావు?"

 ఎన్నేళ్లుగా అని ఆవిడే మళ్లీ అడిగింది. ముప్పై ఒకటి అన్నాడు. ఆవిడ కిటికీలోంచి కార్లు నిలిపే జాగా వంక కాసేపు చూసింది. అక్కడ ఒక ముసలాయన కర్ర పట్టుకుని, తలుపు ఇంకా తెరవలేదని తెలిసి మళ్లీ కారెక్కుతున్నాడు.

"వాళ్ల ముందు ఎంత గొప్పగా చెప్పుకున్నానురా" అంది.

"నీకు నిజంగా మాడిందే ఇష్టమా అక్కా?" అన్నాడు నార్బర్ట్. ఎప్పుడో అడగాల్సిన మాట, యాభై నాలుగేళ్లు ఆలస్యంగా అడిగాడు.

"తల్లి లేని పిల్లాడికి మెత్తటిది పెట్టాలి కదా. ఇష్టమని అన్నాను. అనగా అనగా నిజంగానే ఇష్టమైంది."

 తిట్టలేదు, ఫర్వాలేదులే అనీ అనలేదు. ఫర్వాలేదులే అంటుందని అతను ఎదురుచూశాడు. మా వాళ్ల నోటికి అంత తేలిగ్గా వచ్చే మాట మరొకటి లేదు. ఆవిడ కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. అటు కొసా, ఇటు కొసా తినేసి, మెత్తటి నడిమి ముక్క ఒక్కటీ పళ్లెంలో మిగిల్చింది. చిన్నప్పటి నుంచీ ఎక్కడ కలిసి తిన్నా ఆ నడిమి ముక్కను ఫోర్కుతో గుచ్చి తమ్ముడి వైపు చాపడం ఆవిడ అలవాటు. ఆవిడ ఫోర్కుతో గుచ్చగానే, తెలియకుండానే నార్బర్ట్ కాస్త ముందుకు వంగాడు.

బెర్నిస్ అతని వంక చూస్తూ ఆ ముక్కను తన నోట్లోనే పెట్టుకుంది. తీరిగ్గా నమిలి తింది. నార్బర్ట్ పళ్లెం ఖాళీ అయ్యేదాకా కదలకుండా కూచున్నాడు. దుంప తొక్క పక్కకు పడి ఉంది, దాని కింద ఏమీ లేదు.